వేబర్న్ చర్చి పాస్టర్ గారు ప్రీమియర్ ఎలా అయ్యారు? (టామీ డగ్లస్ గురించి తెలిసినవాళ్లు రాయండి)

గోధుమచేను (రెజీనా)

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే, ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి.

ఈమధ్యే మాకు బాబు పుట్టాడు. ఆపరేషన్ అయింది, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. డిశ్చార్జి రోజు పొద్దున్నే మా అమ్మ కొంగున ముడేసుకున్న డాలర్ నోట్లు విప్పి, గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. మా ఆయన బిల్లు కట్టడానికి వెళ్లేటప్పుడు తక్కువ పడితే ఇద్దామని. నర్సు వచ్చి, బాబుకి కారు సీటు ఉందో లేదో చూసి, ఇక వెళ్లొచ్చు అంది. అంతే. అమ్మకి నమ్మకం కుదరలేదు. "ఆ కౌంటర్ దగ్గర ఇంకోసారి అడిగి రా నాయనా, తర్వాత ఇంటికి వస్తారేమో" అని మా ఆయన్ని మళ్లీ పంపింది. పక్క మంచం అమ్మాయిని చూడటానికి వచ్చిన పెద్దావిడ ఇదంతా గమనిస్తోంది. ఎనభై దాటి ఉంటాయి, రైతు కుటుంబమట. "మీ అమ్మగారికి చెప్పు, థాంక్స్ చెప్పాల్సింది టామీకి అని" అంది.

ఎవరా టామీ అని ఇంటికొచ్చి చూస్తే టామీ డగ్లస్, ఇక్కడ ఆసుపత్రి బిల్లు లేకుండా చేసినాయన. కెనడాలోని మా ఈ సస్కాచువాన్ ప్రావిన్స్‌కి 1944 నుంచి 1961 దాకా ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి. అంతకుముందు ఇక్కడికి గంటన్నర లోపు దూరంలో ఉన్న వేబర్న్‌లో చర్చి పాస్టర్. పుట్టింది ఈ దేశంలో కాదు. వేరే దేశం నుంచి వచ్చిన మనిషి, అందులోనూ పాస్టర్, ప్రీమియర్ ఎలా అయ్యాడు? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా రాయండి. అమ్మకి చదివి వినిపించాలి.

పాతకాగితాలు (ఒట్టావా)

ముందుగా బాబుకి ఆశీస్సులు అమ్మా. మంచి ప్రశ్న అడిగారు. నాకు ఈయనంటే ప్రాణం, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

థామస్ క్లెమెంట్ డగ్లస్ 1904 అక్టోబరు 20న స్కాట్లాండ్‌లో ఫాల్కర్క్ దగ్గర కామెలన్‌లో పుట్టారు. తండ్రి ఇనుము కరిగించి అచ్చులు పోసే ఫౌండ్రీ కార్మికుడు. స్కాట్లాండ్‌లో ఉండగానే పిల్లాడు పడిపోయి కుడి మోకాలికి దెబ్బ తగిలింది. అది ఎముకలోకి చీము పట్టే జబ్బుగా మారింది. తర్వాత కుటుంబం కెనడాకు వలస వచ్చి విన్నిపెగ్‌లో స్థిరపడింది. అక్కడ జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఆపరేషన్ మీద ఆపరేషన్. చివరికి డాక్టర్లు కాలు తీసేయాలి, లేకపోతే ప్రాణానికే ప్రమాదం అన్నారు. స్పెషలిస్టును పెట్టుకునే స్తోమత ఆ ఇంట్లో లేదు.

అప్పుడు డాక్టర్ ఆర్.జె. స్మిత్ అనే పేరున్న ఎముకల సర్జన్ ఆ వార్డులోకి వచ్చి ఈ పిల్లాణ్ణి చూశారు. తన మెడికల్ స్టూడెంట్లు పక్కన నిలబడి చూసేందుకు ఒప్పుకుంటే ఫీజు లేకుండా చేస్తానన్నారు. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. కాలు దక్కింది.

డగ్లస్ పెద్దయ్యాక ఆ డాక్టరును తలుచుకోని సందర్భం లేదు. అయితే ఆయన అడిగిన ప్రశ్న మాత్రం వేరు. ఆ రోజు ఆ డాక్టరు ఆ వార్డుకి రాకపోయి ఉంటే? పక్క మంచం మీది పిల్లాడి సంగతేమిటి? దయ అందరికీ దొరకదు, కాబట్టి వైద్యం దయ మీద ఆధారపడకూడదు. ఆయన రాజకీయమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగిందని నా నమ్మకం.

పోర్టేజ్‌మెయిన్ (విన్నిపెగ్)

మా ఊరి ముచ్చట కూడా కలపండి అన్నా. మొదటి ప్రపంచ యుద్ధంలో తండ్రి సైన్యంలో చేరితే, తల్లీపిల్లలు తిరిగి స్కాట్లాండ్ వెళ్లి గ్లాస్గోలో ఉన్నారు. అక్కడ టామీ మంగలి షాపులో గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ల మొహాలకు సబ్బు నురుగు పట్టించే పని చేశాడు. ఆ తర్వాత బిరడాల ఫ్యాక్టరీ. యుద్ధం ముగిశాక మళ్లీ విన్నిపెగ్.

1919లో ఇక్కడ పెద్ద సార్వత్రిక సమ్మె జరిగింది. జూన్ 21న మెయిన్ స్ట్రీట్‌లో గుర్రపు పోలీసులు సమ్మెదారుల మీదికి దూసుకెళ్లి కాల్పులు జరిపారు. ఇద్దరు చనిపోయారు. ఆ దృశ్యాన్ని 14 ఏళ్ల టామీ ఒక భవనం పైకప్పు మీద నుంచి చూశాడు. నేను రోజూ బస్సు దిగేది ఆ వీధిలోనే. ఆ కథ తెలిసిన తర్వాత అక్కడి పాత బిల్డింగుల పైకప్పుల వైపు చూడకుండా నడవలేకపోతున్నాను.

ఇంకోటి. ఈయన బాక్సర్ కూడా! తీసేయాలన్న ఆ కాలితోనే 1922లో మా మానిటోబా ప్రావిన్స్ లైట్‌వెయిట్ ఛాంపియన్ అయ్యారు. ముక్కు విరిగింది, పళ్లు కొన్ని ఊడాయి. మరుసటి ఏడు టైటిల్ నిలబెట్టుకున్నారు కూడా. పొట్టి మనిషి, సన్నని మనిషి. అప్పట్లో ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తూ కాలేజీకి డబ్బులు కూడబెట్టుకున్నారు.

కాకినాడకాజా (టొరంటో)

చర్చి సంగతి నేను రాస్తాను. మా తాతగారు సంఘ పెద్ద, నేను సండే స్కూల్లో పెరిగాను.

డగ్లస్ బాప్టిస్టు. కెనడా బాప్టిస్టులంటే మా వైపు కొత్త కాదు. కెనడా బాప్టిస్టు మిషన్ కాకినాడలో 1874లోనే మొదలైంది. అక్కడి నుంచి తుని, పిఠాపురం, సామర్లకోట దాకా వాళ్ల బడులు, ఆసుపత్రులు వెలిశాయి. మా నాయనమ్మ పురుళ్లన్నీ మిషన్ ఆసుపత్రిలోనే జరిగాయి. అందుకే ఈయన కథ చదివినప్పుడు నాకు పరాయి మనిషి కథలా అనిపించలేదు.

1924లో బ్రాండన్ కాలేజీలో చేరి 1930లో బయటికి వచ్చారు. అప్పట్లో అక్కడ సోషల్ గాస్పెల్ అనే ఆలోచన బలంగా ఉండేది. రక్షణ అంటే చనిపోయాక ఆత్మకు దొరికేది మాత్రమే కాదు, ఈ లోకంలో ఆకలి, అన్యాయం పోవాలి అనేది దాని సారం. ప్రభువు నేర్పిన ప్రార్థనలో "పరలోకమందు" తర్వాత "భూమియందును" అని ఉంది కదా, మనం చాలాసార్లు ఆ రెండో మాట దగ్గర తొందరగా దాటేస్తాం. డగ్లస్ అక్కడే ఆగారు.

1930లో వేబర్న్‌లోని కాల్వరీ బాప్టిస్టు చర్చికి పాస్టర్‌గా వచ్చారు. అదే ఏడు ఇర్మా డెంప్సీతో పెళ్లి. వచ్చింది ఎలాంటి సమయమో చూడండి. ఒకపక్క ప్రపంచమంతా మాంద్యం, గోధుమ ధర పాతాళానికి పడిపోయింది. ఇంకోపక్క వానలు లేవు, పొలాల మీది మట్టి గాలికి లేచి మధ్యాహ్నమే చీకటి పడేది. మా వాళ్లు పాస్టర్‌ని అయ్యగారు అంటారు. మంచి అయ్యగారు ఎవరంటే ఆదివారం వాక్యం చెప్పేవాడు కాదు, సోమవారం గుమ్మంలోకి వచ్చేవాడు. ఈయన చర్చి బేస్‌మెంట్‌లో పాత బట్టలు, తిండి సామాను పోగుచేసి పంచారు. నిరుద్యోగుల్ని సంఘంగా కూడగట్టారు.

వైద్యం అందక, కొనుక్కునే డబ్బు లేక చనిపోయిన ఇద్దరు యువకుల భూస్థాపన తానే చేయాల్సి వచ్చిందని తర్వాత చెప్పుకున్నారు. ఇద్దరూ ముప్పైల్లో ఉన్నవాళ్లు, చిన్న పిల్లల తండ్రులు. అయ్యగారి పని ఎంత బరువైందో ఆ ఇంటిలో పుట్టినవాళ్లకి తెలుస్తుంది. సమాధి దగ్గర ఓదార్పు మాట చెప్పాలి, కానీ ఆ చావు ఆపగలిగేదే అని నీకు తెలుసు.

రచ్చబండ_రఘు (కాల్గరీ)

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఒక మాట అడుగుతా, ఎవరూ ఏమనుకోవద్దు. మత గురువులు రాజకీయాల్లోకి రావడం నాకు నచ్చదు. ఏ మతమైనా సరే. నమ్మి వచ్చినవాళ్ల భక్తిని ఓట్లుగా మార్చుకోవడమే కదా అది? ఇవాళ మంచివాడు వచ్చాడు, రేపు వచ్చేవాడి సంగతేమిటి?

కాకినాడకాజా

రఘు గారూ, మీ భయం న్యాయమైందే. ఇదే ప్రశ్న ఆయన సొంత చర్చిలోనూ వచ్చింది. 1934లో ప్రావిన్స్ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు. ఇక చాల్లే, చర్చి పని చూసుకుందాం అనుకుంటున్న సమయంలో పై అధికారి ఒకాయన వచ్చి, మళ్లీ పోటీ చేస్తే ఇంకే చర్చీ దొరకకుండా చూస్తానన్నారట. ఆ బెదిరింపే తనను నిలబెట్టిందని డగ్లస్ చెప్పేవారు. 1935లో వేబర్న్ నుంచి ఎం.పి.గా గెలిచారు.

గెలిచాక చర్చి వేదికను పార్టీ వేదిక చేయలేదు, సంఘం బాధ్యత వదిలేసి వెళ్లారు. మతం పేరుతో ఓటు అడగలేదు. పార్టీ కో-ఆపరేటివ్ కామన్‌వెల్త్ ఫెడరేషన్, సి.సి.ఎఫ్. రైతులు, కార్మికులు కలిసి 1932లో కాల్గరీలో, అంటే మీ ఊళ్లోనే, పెట్టుకున్నది. 1947లో సస్కాచువాన్ హక్కుల చట్టం తెచ్చారు. మతం, జాతి, రంగు చూసి ఉద్యోగం, ఇల్లు నిరాకరించకూడదని అందులో ఉంది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన వచ్చింది 1948లో, దానికి ఏడాది ముందే ఇది. వేరే మతం వాడి హక్కును కాపాడే చట్టం ఒక పాస్టర్ రాస్తే నాకు అభ్యంతరం లేదు.

రచ్చబండ_రఘు

చట్టం సంగతి తెలియదు, థాంక్స్ అండి. అయినా సూత్రం సూత్రమే. ఆయన వరకు సరే అంటాను, అంతకు మించి ఒప్పుకోను.

పాతకాగితాలు

ఒప్పుకోనక్కర్లేదు రఘూ. ఆయన్ని దేవుణ్ణి చేయడం నాకూ ఇష్టం లేదు. అందుకే ఒక చేదు విషయం కూడా రాయాలి.

1933లో మెక్‌మాస్టర్ యూనివర్సిటీకి సమర్పించిన ఎం.ఏ. పరిశోధనలో ఈయన యూజెనిక్స్‌ను, అంటే ఎవరు పిల్లల్ని కనాలో, ఎవరు కనకూడదో పైనుంచి తేల్చాలనే వాదాన్ని, సమర్థించారు. "లోపం" ఉన్నవాళ్లని ముద్రవేసి, పెళ్లికి అనుమతులు పెట్టాలని, కొందరికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలని రాశారు. వేబర్న్‌లోని పేద కుటుంబాల్నే ఉదాహరణగా తీసుకున్నారు. బేస్‌మెంట్‌లో బట్టలు పంచిన చేతులే అదీ రాశాయి. మొదటిసారి తెలిసినప్పుడు రెండు రోజులు మనసు మనసులో లేదు. అప్పటి చదువుకున్నవాళ్లలో ఆ పిచ్చి చాలామందికి ఉండేది అని సరిపెట్టుకోవచ్చు, నేను సరిపెట్టుకోలేదు.

ఆయన మారారన్నది కూడా నిజం. 1936లో యూరప్ వెళ్లినప్పుడు నాజీల జర్మనీని కళ్లారా చూశారు. ఆ తర్వాత ఆ వాదన ఎత్తలేదు. ప్రీమియర్ అయ్యాక ఆరోగ్య శాఖ కూడా తన దగ్గరే ఉంచుకున్నారు. అలాంటి ఆపరేషన్లకు చట్టం తెమ్మని సిఫార్సులు వచ్చినప్పుడు తోసిపుచ్చారు. పక్కనున్న ఆల్బర్టాలో ఆ చట్టం 1928 నుంచి 1972 దాకా నడిచింది. సస్కాచువాన్‌లో ఎన్నడూ రాలేదు.

గోధుమచేను

ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అమ్మకి ఇది కూడా చదివాను, దాచలేదు. సరే, ఆసుపత్రి పథకం ఎలా వచ్చిందో చెప్పండి. గెలిచిన మర్నాడే ఫ్రీ అని ప్రకటించేశారా?

పాతకాగితాలు

అక్కడే ఉంది అమ్మా అసలు సంగతి. పదిహేడేళ్లు పట్టింది.

1944 జూన్‌లో సి.సి.ఎఫ్. 52 సీట్లలో 47 గెలిచింది. ఉత్తర అమెరికాలో మొదటి సోషలిస్టు ప్రభుత్వం. చేతిలో మాత్రం అప్పుల ప్రావిన్స్. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ నుంచి హెన్రీ సిగెరిస్ట్ అనే వైద్య చరిత్రకారుణ్ణి పిలిపించి మొత్తం పరిస్థితి అధ్యయనం చేయించారు. ముందు పింఛను మీద బతికే ముసలివాళ్లకు ఉచిత వైద్యం ఇచ్చారు. క్యాన్సర్ చికిత్స, మానసిక వైద్యం ఉచితం చేశారు. డాక్టర్ లేని ఊళ్ల కోసం 1946లో విమాన అంబులెన్స్ పెట్టారు. అదే ఏడు స్విఫ్ట్ కరెంట్ చుట్టుపక్కల ఒక్క ప్రాంతంలో డాక్టరు ఫీజులతో సహా పూర్తి వైద్య బీమా నడిపి చూశారు. 1947 జనవరి 1 నుంచి ప్రావిన్స్ అంతటా ఆసుపత్రి బీమా వచ్చింది. మనిషికి ఏడాదికి 5 డాలర్లు, కుటుంబం ఎంత పెద్దదైనా 30 డాలర్లకు మించదు. మీరు ఖాళీ చేసి వచ్చిన మంచానికి బిల్లు లేకపోవడం మొదలైంది ఆ రోజే.

కానీ అది ఆసుపత్రి ఖర్చు వరకే. డాక్టరు ఫీజు జేబులోంచే. దాన్ని కూడా కలపాలంటే డబ్బు కావాలి. ఆయన అప్పు చేసి పథకాలు పెట్టే మనిషి కాదు. ఆర్థిక మంత్రి క్లారెన్స్ ఫైన్స్‌తో కలిసి పాత అప్పులు తీరుస్తూ వచ్చారు. ఈలోగా పల్లెలకి కరెంటు, ప్రభుత్వ వాహన బీమా. 1957లో కేంద్రం ఆసుపత్రి ఖర్చులో వాటా ఇవ్వడానికి చట్టం చేసింది. అప్పుడు చేతిలో కాస్త డబ్బు మిగిలింది. 1959 డిసెంబరులో డాక్టరు ఫీజుల బీమా ప్రకటించారు. దాని మీదే 1960 ఎన్నికలకు వెళ్లి మళ్లీ గెలిచారు. వరుసగా ఐదోసారి.

స్టెతస్కోప్‌బాబాయ్ (సాస్కటూన్)

నేను ఈ ప్రావిన్స్‌లో ఇరవై ఏళ్లుగా ఫ్యామిలీ డాక్టర్‌గా చేస్తున్నాను. డాక్టర్ల వైపు కథ కూడా ఒకరు చెప్పాలి కదా.

1960 ఎన్నికల్లో ఈ బీమాకు వ్యతిరేకంగా ప్రచారానికి డాక్టర్ల దగ్గర తలా 100 డాలర్లు వసూలు చేశారు. చట్టం 1961 నవంబరులో పాసైంది. అప్పటికే డగ్లస్ కొత్తగా పుట్టిన జాతీయ పార్టీ ఎన్.డి.పి. నాయకుడై వెళ్లిపోతున్నారు. ప్రీమియర్ పదవి వుడ్రో లాయిడ్ చేతికి వచ్చింది. ఈయన పేరు తక్కువ మందికి తెలుసు. మాజీ స్కూల్ టీచరు, నెమ్మదస్తుడు. తుఫాను మొత్తం మోసింది ఈయనే.

1962 జులై 1న పథకం మొదలైంది, అదే రోజు చాలామంది డాక్టర్లు క్లినిక్కులు మూసేశారు. 23 రోజులు. ఎమర్జెన్సీకి కొన్ని ఆసుపత్రులు మాత్రం తెరిచి ఉంచారు. మొదటి రోజే డాక్టరు కోసం కారులో తిప్పుతుండగా ఒక పసివాడు చనిపోయాడు. ప్రభుత్వం బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించింది. చివరికి బ్రిటన్ నుంచే వచ్చిన లార్డ్ టేలర్, ఆయనా డాక్టరే, రెండు వైపులా తిరిగి జులై 23న ఇక్కడ సాస్కటూన్‌లో ఒప్పందం చేయించారు.

నేను ఆ సమ్మెను సమర్థించను. కానీ వాళ్లందరూ డబ్బు కోసమే చేశారంటే కూడా ఒప్పుకోను. ప్రభుత్వం నాకు యజమాని అవుతుంది, రోగికి ఏ మందు రాయాలో గుమాస్తా చెబుతాడు అనే భయం నిజంగానే ఉండేది. ఒప్పందంలో ఆ భయం తీర్చారు. డాక్టరు ప్రభుత్వ ఉద్యోగి కాడు, చూసిన రోగిని బట్టి ఫీజు వస్తుంది. నేను ఇవాళ్టికీ అలాగే పనిచేస్తున్నాను. రోగి ముందు కూర్చున్నప్పుడు వాళ్ల దగ్గర డబ్బు ఉందా లేదా అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇండియాలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు స్కానింగ్ రాయడానికి పెన్ను పట్టుకుని, ఎదురుగా ఉన్నాయన చెప్పుల వైపు చూసి ఆగిపోయిన రోజులు ఉన్నాయి.

హాల్టన్_హరిత (మిస్సిసాగా)

బాబాయ్ గారూ, గౌరవంతోనే చెబుతున్నా. ఫ్రీ అన్నది నిజమే, కానీ మా మామయ్యగారి మోకాలు ఎం.ఆర్.ఐ.కి ఆరు నెలలు ఆగాం. ఆ తర్వాత సర్జన్ అపాయింట్‌మెంట్‌కి ఇంకో ఏడు నెలలు. మెట్లు దిగేటప్పుడు ఆయన పళ్లు బిగించి గోడ పట్టుకుని దిగుతుంటే ఇంట్లో అందరికీ టెన్షన్. డగ్లస్ గారిని పొగిడే ముందు ఇది కూడా మాట్లాడాలి.

స్టెతస్కోప్‌బాబాయ్

తప్పకుండా మాట్లాడాలమ్మా. ఆ నిరీక్షణ నా రోగుల మొహాల్లో రోజూ చూస్తున్నాను, నాకు సమాధానం లేదు. డగ్లస్ కూడా పని అయిపోయిందని ఎప్పుడూ అనలేదు. డబ్బు అడ్డు తీసేయడం మొదటి మెట్టేనని, జబ్బు రాకుండా చూసేలా పద్ధతి మార్చడం రెండో మెట్టని, అది ఇంకా కష్టమని చెప్పేవారు. మనం మొదటి మెట్టు మీదే కూర్చుండిపోయాం. ఎవరైనా అపాయింట్‌మెంట్ మానుకుంటే పిలిచే క్యాన్సిలేషన్ లిస్టులో మామయ్యగారి పేరు పెట్టమని సర్జన్ ఆఫీసులో అడగండి. చాలామందికి ఆ సంగతి తెలియదు.

హాల్టన్_హరిత

లిస్టు సంగతి తెలియదండి, రేపే ఫోన్ చేస్తాను.

పోర్టేజ్‌మెయిన్

ఆ తర్వాత ఏమైందో కూడా రాయండి ఎవరైనా. అంత చేసినాయన సొంత ఊళ్లోనే ఓడిపోయాడని విన్నాను.

పాతకాగితాలు

నిజమే. 1962 జూన్ 18న, సమ్మెకు సరిగ్గా ముందు, దేశ పార్లమెంటు ఎన్నికల్లో రెజీనాలో ఓడిపోయారు. అక్టోబరులో బ్రిటిష్ కొలంబియా నుంచి ఉప ఎన్నికలో గెలిచి ఒట్టావా వచ్చారు. ఎన్.డి.పి. కేంద్రంలో ఎప్పుడూ అధికారంలోకి రాలేదు. కానీ సస్కాచువాన్ పద్ధతినే దేశమంతా పెట్టాలని జస్టిస్ ఎమ్మెట్ హాల్ కమిషన్ 1964లో చెప్పింది. 1966లో ప్రధాని పియర్సన్ ప్రభుత్వం చట్టం చేసింది. 1972 కల్లా దేశమంతటా అమల్లోకి వచ్చింది.

1970లో క్యూబెక్‌లో కిడ్నాపులు జరిగినప్పుడు ప్రధాని పియరీ ట్రూడో ప్రభుత్వం యుద్ధకాలపు చట్టం ప్రయోగించి, వారంటు లేకుండా వందల మందిని పట్టుకుంది. దేశమంతా చప్పట్లు కొడుతుంటే డగ్లస్ లేచి, వేరుశనగ కాయ కొట్టడానికి సమ్మెట ఎత్తుతున్నారని అన్నారు. మనం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటాం చూడండి, అదే. అప్పుడు ఆయన్ని తిట్టనివాళ్లు లేరు. పోలీసులు ఆయన మీద దశాబ్దాల తరబడి నిఘా పెట్టి 1,100 పేజీలకు పైగా ఫైలు తయారుచేశారని ఆయన పోయాక బయటపడింది. 1986 ఫిబ్రవరి 24న ఇక్కడ ఒట్టావాలో క్యాన్సర్‌తో కన్నుమూశారు. 2004లో కెనడా ప్రభుత్వరంగ ప్రసార సంస్థ సి.బి.సి. నిర్వహించిన ఓటింగ్‌లో కెనడా ప్రజలు తమ దేశంలో పుట్టిపెరిగినవాళ్లందరినీ పక్కనపెట్టి, ఈ వలస వచ్చిన పాస్టర్‌ని మహోన్నత కెనడియన్‌గా ఎన్నుకున్నారు.

గోధుమచేను

అందరికీ చేతులెత్తి దండం. బాబు నిద్రపోయినప్పుడల్లా కొంచెం కొంచెం అమ్మకి చదివాను. రఘు గారి ప్రశ్న దగ్గర "ఆ అబ్బాయి సరిగ్గానే అడిగాడు" అంది. అంతా విన్నాక తను మాత్రం ఒక్కటే అడిగింది. "ఆ పిల్లాడి కాలు తర్వాత మళ్లీ ఇబ్బంది పెట్టలేదా?" అని. నా దగ్గర జవాబు లేదు.

పాతకాగితాలు

పెట్టిందని చెప్పండి అమ్మగారికి. రెండో ప్రపంచ యుద్ధంలో ఎం.పి.గా ఉంటూనే సైన్యానికి పేరిచ్చారు. విన్నిపెగ్ గ్రెనేడియర్స్ దళంతో విదేశం వెళ్లాల్సింది. వైద్య పరీక్షలో ఆ పాత కాలు బయటపడి ఆపేశారు. ఆ దళాన్ని హాంగ్‌కాంగ్ పంపారు. 1941 క్రిస్మస్ రోజున హాంగ్‌కాంగ్ జపాన్‌కు లొంగిపోయింది. వెళ్లినవాళ్లలో చాలామంది అక్కడే చనిపోయారు, మిగతావాళ్లు యుద్ధఖైదీలయ్యారు.

గోధుమచేను

చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, వెళ్లేలోపు ఆ వేబర్న్ చర్చి చూపించమంది. ఇప్పుడది కళా ప్రదర్శనల కేంద్రంగా ఉందట. వచ్చే శనివారం బాబుని కూడా తీసుకుని వెళ్తున్నాం. ఫొటోలు పెడతాను.